బి760నా, బి650నా: రాయగడ వైపు కొనేవాళ్లకు ఏది మేలు?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్లు ఈ మధ్య పదేపదే అడుగుతున్నారు: "అన్నా, కొత్త సిస్టమ్ కట్టిస్తున్నా, బి760 తీసుకోనా, బి650 తీసుకోనా?" రెండూ మదర్‌బోర్డు రకాలే, వాటి మీదుండే చిప్‌సెట్ అనే చిప్పు పేరుతో పిలుస్తాం: బి760 ఇంటెల్ ప్రాసెసర్లకు, బి650 ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లకు. ఏ ఆటలో ఎన్ని ఫ్రేములొస్తాయో యూట్యూబ్ నిండా ఉంది, ఆ జోలికి పోను. మన లెక్క వేరు. మంచి బోర్డు కావాలంటే విశాఖ నుంచి తెప్పించాలి. తేడా వస్తే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా మళ్లీ అక్కడికే మోసుకెళ్లాలి. అందుకే నేను చిప్‌సెట్ కంటే ముందు చూసేది ఒక చిన్న బటన్: బయాస్ ఫ్లాష్‌బ్యాక్. కంప్యూటర్‌ని లేపే బయాస్ అనే ప్రోగ్రామ్ బోర్డులోనే ఉంటుంది, దాన్ని పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే బటన్ ఇది.

బి760 వచ్చింది 2023 జనవరిలో. ఇంటెల్ 14వ తరం దిగింది ఆ అక్టోబరులో. అంతకుముందే తయారై గోడౌన్‌లో పడి ఉన్న బోర్డులో 14వ తరం ప్రాసెసర్ పెడితే, పాత బయాస్ దాన్ని గుర్తుపట్టక, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా తెర మీద ఏమీ రాకపోవచ్చు. బి650దీ ఇదే కథ. 2022లో వచ్చిన బోర్డు కనక రైజెన్ 7000తో పెద్దగా గొడవ ఉండదు గానీ, 2024లో వచ్చిన 8000జీ, 9000 వరసలకు కొత్త బయాస్ ఎక్కించాలి. విశాఖలో అయితే షాపులో పాత ప్రాసెసర్ ఒకటి పెట్టి అప్‌డేట్ చేసి ఇచ్చేస్తారు. మన ఊళ్లో ఆ ప్రాసెసర్ ఎవరిని అడుగుతాం?

బటన్ ఉంటే ప్రాసెసరూ ర్యామూ బిగించకుండానే పని అయిపోతుంది. 24 పిన్నుల కేబులు, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కేబులు తగిలించాలి. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, కంపెనీ సైటు నుంచి దించుకున్న ఫైలుకు మాన్యువల్‌లో చెప్పిన పేరే పెట్టాలి. ఆ పేరులో ఒక్క అక్షరం తప్పినా బోర్డు దాన్ని పట్టించుకోదు. దానికని కేటాయించిన పోర్టులో గుచ్చి బటన్ నొక్కితే లైటు మిణుకుతుంది. ఆగేదాకా ముట్టుకోకండి. కరెంటు సంగతి తెలిసిందే కదా, యూపీఎస్ మీద పెట్టి చేయండి. ఈ బటన్ ఉందో లేదో చిప్‌సెట్ పేరు చెప్పదు, మోడల్ పేజీలో బోర్డు బొమ్మ చూసి తేల్చుకోవాలి.

ఇక ర్యామ్. బి760లో డీడీఆర్4 (పాత తరం ర్యామ్) బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5వీ (కొత్త తరం) ఉన్నాయి. బి650కి డీడీఆర్5 ఒక్కటే. రెండు రకాలకీ 288 పిన్నులే అయినా గాడి చోటు వేరు, ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి కాబట్టి ఇంట్లో రెండు డీడీఆర్4 స్టిక్కులుంటే పారేసుకోకండి. బి760 డీడీఆర్4 బోర్డు తెచ్చుకోండి. ర్యామ్ ఎలాగూ కొత్తగా కొనాల్సిందే అంటారా, నేనైతే బి650కే వెళ్తాను. 14వ తరంతో బి760 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) దారి మూసుకుపోయింది, బి650లో ఉండే ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ పైనా నడుపుతామని ఏఎండీ చెప్పింది.

బి650లో 6000 వేగం స్టిక్కులు రెండు చాలు. ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టి, బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయాలి. నాలుగు స్లాట్లూ నింపితే రైజెన్ 7000లో అధికారిక వేగం 3600కి పడిపోతుంది. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. "అన్నా, బోర్డు పోయింది" అని నాకొచ్చే ఫోన్లలో సగం ఆ నిమిషాల్లోనే వస్తాయి. ఆపకండి, ఓ టీ తాగి రండి.

ఇంటెల్ వైపు చౌక బోర్డు హెచ్610 కొట్టు లెక్కలకు, టైపింగ్‌కు సరిపోతుంది. ర్యామ్ వేగం పెంచుకునే వీలు అందులో లేదు. ఏఎండీ వైపు ఏ620 కూడా చౌక బేరమే, సాదా ప్రాసెసర్‌కు ఫరవాలేదు. ఏఎండీ పాత తరం బోర్డు బి550, పాత డీడీఆర్4 ఉన్నవాళ్లకు ఇంకో దారి, అంతే.

బటన్ లేని బి760 డీడీఆర్4 బోర్డే దొరికితే అందులో ఐ5-12400 పెట్టుకోండి. ఆ బోర్డు పుట్టకముందే వచ్చిన ప్రాసెసర్ కాబట్టి పెట్టెలోంచి తీసిన బయాస్‌తోనే లేస్తుంది.