‘ది లెజెండ్ ఆఫ్ లక్ష్మీ ప్రసాద్’: ట్వింకిల్ ఖన్నా కథల్లో నిలిచేవి, తేలిపోయేవి

ట్వింకిల్ ఖన్నా ఇంగ్లీషులో రాసిన ఈ కథల సంపుటిని జగ్గర్నాట్ సంస్థ 2016లో ప్రచురించింది. ఇందులో ఉన్నవి నాలుగే కథలు. వాటిలో ఒకటి చాలా మంచి కథ, ఒకటి దేశానికి పనికివచ్చిన కథ, మిగిలిన రెండూ సులభంగా చదువుకుని సులభంగా మరచిపోగలిగినవి. అయినా పుస్తకం కొని చదవవలసినదేనని నా అభిప్రాయం. నటన, రచన, చిత్ర నిర్మాణం, సేవ అనే నాలుగు దారుల్లో నడిచిన ఒక వ్యక్తికి ఆ నాలుగూ ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో ఈ ఒక్క పుస్తకంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగువారిలో చాలామందికి ఆమె 1999లో వచ్చిన ‘శీను’ సినిమా కథానాయికగానే గుర్తు. ప్రేమించిన అమ్మాయి ముందు మూగవాడిగా నటించిన వెంకటేశ్, చివరకు ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి నాలుకనే కోసుకునే కథ అది. రాజేశ్ ఖన్నా, డింపుల్ కపాడియాల కుమార్తె కావడంతో ఆమెకు సినిమా తలుపులు తేలికగానే తెరుచుకున్నాయి. 1995లో ‘బర్సాత్’తో అడుగుపెట్టి, కొత్త నటిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకుని, 2001లో అక్షయ్ కుమార్‌ను వివాహం చేసుకున్న తరువాత నటనకు దూరమయ్యారు. ఆపై గృహాలంకరణ వ్యాపారం నడిపారు, పత్రికలకు శీర్షికలు (కాలమ్స్) రాశారు. ఆ శీర్షికల నుంచే 2015లో తొలి పుస్తకం ‘మిసెస్ ఫన్నీబోన్స్’ పుట్టింది. ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. సినిమా తారల పేరుతో వచ్చే పుస్తకాలను మరెవరో రాసి ఉంటారని అనుమానించడం మనకు అలవాటు. శీర్షికా రచయిత్రిగా ఆమె వాక్యానికి ఉన్న తీరును గమనించినవారికి ఈ కథల్లోనూ అదే చేయి కనిపిస్తుంది. వాక్యం పొట్టిగా ఉంటుంది, చూపు చురుకుగా ఉంటుంది, కన్నీరు రాబోయే చోట ఒక చమత్కారం అడ్డుపడుతుంది. ఆ చమత్కారం కొన్నిచోట్ల కథను కాపాడితే, కొన్నిచోట్ల పాత్ర మాట్లాడవలసిన సమయంలో రచయిత్రే ముందుకు వచ్చి నిలబడినట్లు అనిపిస్తుంది.

సంపుటికి పేరు ఇచ్చిన మొదటి కథలో లక్ష్మీ ప్రసాద్ అనే పల్లెటూరి అమ్మాయి, ఆడపిల్ల పుట్టినప్పుడల్లా జర్దాలు అనే రకం మామిడి మొక్కలు పది నాటాలన్న ఆలోచనతో తన ఊరి తీరును మారుస్తుంది. బీహార్‌లోని భాగల్పూర్ జిల్లా ధర్హరా గ్రామంలో ఇటువంటి ఆచారం నిజంగానే ఉంది. ఆడపిల్లతో పాటు చెట్లూ పెరుగుతాయి, వాటి ఫలసాయం ఆమె చదువుకూ పెళ్లికీ ఆసరా అవుతుంది. ఇంత బలమైన ఆధారం దొరికినా కథ నీతికథ స్థాయిని దాటలేదు. మొక్క నాటిన తరువాత ఆ ఊళ్లో ఎవరు గొణిగారు, ఎవరి భూమిలో ఎవరి చెట్టు పెరిగింది, పంట డబ్బు ఎవరి చేతికి పోయింది అనే చిక్కుల్లోకి రచయిత్రి దిగి ఉంటే బాగుండేది. ఐదుసార్లు పెళ్లి చేసుకుంటూ ప్రతిసారీ వాతావరణ సూచన చూసుకునే యువతి కథ కూడా అంతే. ఆ ఊహ బాగుంది, కానీ ఐదు పెళ్లిళ్లూ హడావుడిగా దాటిపోతాయి.

‘సలామ్, నోనీ అప్పా’ ఈ రెండింటికీ అందని ఎత్తులో ఉంది. అరవై ఎనిమిదేళ్ల వితంతువు నోనీ అప్పా, ఆమె చెల్లెలు బిన్నీ, యోగా నేర్పే ఆనంద్‌జీ అనే వివాహితుడు, వీరి చుట్టూ అల్లిన ముంబయి కథ ఇది. తన అమ్మమ్మ, ఆమె సోదరి ఈ పాత్రలకు ప్రేరణ అని రచయిత్రి చెప్పుకున్నారు. ఆ దగ్గరితనం ప్రతి పుటలోనూ తెలుస్తుంది. అక్కచెల్లెళ్లు ఒకరినొకరు దెప్పుకునే తీరులో ఒక జీవితకాలపు చనువు ఉంది. ఆ వయసులో ఒక స్త్రీకి తోడు కావాలనిపించడాన్ని ఆమె నేరంగానూ చూపలేదు, విప్లవంగానూ చూపలేదు. పిల్లలు దూరమై, భర్త పోయి, రోజు పొడవుగా మారిన ఇంట్లో ఒక మనిషి రాక కోసం ఎదురుచూడడం ఎంత సహజమో అంత సహజంగా రాశారు. మన ఇళ్లలో అమ్మమ్మలకూ నానమ్మలకూ మందులు, పూజలు, మనవలు తప్ప మరొక కోరిక ఉంటుందని ఎవరం ఊహించం. అందుకే ఈ కథ నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. రంగస్థల దర్శకురాలు లిల్లెట్ దూబే దీన్ని నాటకంగా మలచి వేదికపైకి తెచ్చారంటే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఇందులోని సంభాషణలకు నటుల గొంతు అవసరమే అనిపిస్తుంది.

నాలుగో కథకు మూలం కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం జీవితం. బహిష్టు సమయంలో భార్య పాత గుడ్డలు వాడడం చూసి, తక్కువ ఖర్చుతో శానిటరీ ప్యాడ్లు తయారుచేయాలని పూనుకున్న మనిషి ఆయన. ఫుట్‌బాల్ బ్లాడర్‌లో మేక రక్తం నింపి తన ఒంటికే కట్టుకుని పరీక్షించుకున్నారు. ఊరు వెలివేసినంత పనిచేసింది, భార్యా తల్లీ కూడా కొంతకాలం దూరమయ్యారు. పెద్ద కంపెనీల ప్యాడ్లలో ఉండేది దూది కాదని, చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ అని తెలుసుకోవడానికే ఆయనకు ఏళ్లు పట్టింది. తరువాత తాను రూపొందించిన చిన్న యంత్రాన్ని కంపెనీలకు ధారాదత్తం చేయకుండా మహిళా స్వయం సహాయక సంఘాలకు అందించారు. డ్వాక్రా సంఘాలను దగ్గరగా చూసిన మన ఊళ్లవారికి ఆ నిర్ణయం విలువ విడమరచి చెప్పనక్కరలేదు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కథలో ఆయన బబ్లూ కేవట్ అయ్యారు. భార్య పట్ల ప్రేమతో మొదలైన పని ఎలా పిచ్చిగా మారుతుందో, ఆ పిచ్చిని చూసి ఇంటివాళ్లు ఎంత సిగ్గుపడతారో రచయిత్రి బాగా పట్టుకున్నారు.

ఈ కథ సినిమాగా మారినప్పుడు ఆమె నిర్మాతగానూ నిలబడ్డారు. ఆర్. బాల్కీ దర్శకత్వంలో, అక్షయ్ కుమార్ కథానాయకుడిగా 2018 ఫిబ్రవరి 9న ‘ప్యాడ్‌మ్యాన్’ విడుదలైంది. దాని నిర్మాణ సంస్థల్లో మిసెస్ ఫన్నీబోన్స్ మూవీస్ ఒకటి. సామాజిక సమస్యపై ఉత్తమ చిత్రంగా దానికి జాతీయ పురస్కారం లభించింది. శానిటరీ ప్యాడ్లపై ఉన్న 12 శాతం జీఎస్టీని అదే ఏడాది జులైలో ఎత్తివేశారు. ఆ ఘనతను సినిమాకు కట్టబెట్టడం న్యాయం కాదు, ఎందుకంటే ఎందరో మహిళలు అంతకుముందు నుంచే దానికోసం పోరాడుతున్నారు. అయితే తండ్రీ కూతుళ్లు కలిసి కూర్చుని చూసే ఒక పెద్ద హీరో సినిమాలో ప్యాడ్ అనే మాట గట్టిగా వినిపించడం చిన్న విషయం కాదు. సినిమాగా మారేటప్పుడు కథ కొంత కోల్పోయిందని మాత్రం చెప్పాలి. తారకు తగిన ఉపన్యాసాలు, విజయోత్సాహం తెరమీద పెరిగాయి. పుస్తకంలోని బబ్లూ ఒంటరితనం నన్ను ఎక్కువగా తాకింది.

సేవ విషయంలోనూ ఆమె పేరు కేవలం ప్రచారానికే పరిమితం కాలేదు. 2021లో కోవిడ్ రెండో విడతలో ప్రాణవాయువు కోసం జనం అల్లాడుతున్న రోజుల్లో భార్యాభర్తలిద్దరూ 100 ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు సమకూర్చారు. దైవిక్ ఫౌండేషన్ ద్వారా వచ్చిన మరో 120తో కలిపి మొత్తం 220 అందుతున్నాయని ఆమె ప్రకటించారు. ఆమె కథల్లో లక్ష్మి, బబ్లూ చేసేదీ ఇటువంటి పనే. కానీ ఏ సమస్యకూ పరిష్కారం చెప్పనవసరం లేని నోనీ అప్పా దగ్గరే ఆమె కలం పూర్తిగా స్వేచ్ఛగా కదిలింది. 2018లో వచ్చిన నవల తరువాత ఆమె లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ విశ్వవిద్యాలయంలో రచనను విద్యగా అభ్యసించి, 2023లో ‘వెల్‌కమ్ టు పారడైజ్’ పేరుతో మళ్లీ కథలకే రావడం నాకు సంతోషాన్నిచ్చింది.

ఇంగ్లీషు దినపత్రిక చదవగలిగినవారెవరికైనా ఈ పుస్తకం భాష ఇబ్బంది పెట్టదు. కళాశాలలో చదివే పిల్లలకూ, ఇంట్లోని పెద్దవారికీ నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. వరుసక్రమం పట్టించుకోకుండా రెండో కథ ‘సలామ్, నోనీ అప్పా’తో మొదలుపెట్టి, ‘ప్యాడ్‌మ్యాన్’ చూసినవారైతే సినిమా ముఖాలను కాసేపు పక్కనపెట్టి నాలుగో కథకు వెళ్లమని నా సలహా.