డెక్స్‌ఆన్‌లైన్: రొమేనియన్ సినిమా సౌండు మాటలతో ఆరేళ్లు

బుకారెస్ట్‌లో ఉంటూ పాత రొమేనియన్ సినిమాల టైటిల్ కార్డుల్నీ, సౌండు కాగితాల్నీ ఇంగ్లీషులోకి మార్చిపెట్టడం నా పని. ఈ ఆరేళ్లలో కంప్యూటర్‌లో నేను మూయని ట్యాబ్ డెక్స్‌ఆన్‌లైన్ ఒక్కటే. రొమేనియన్ నిఘంటువులు చాలావాటిని ఒకచోట చేర్చిన ఉచిత సైటు ఇది. 2001 నుంచి నడుస్తోంది.

ముందు నేను తిన్న దెబ్బ చెప్పాలి. బుకారెస్ట్ పక్కనున్న పాత ప్రభుత్వ సినిమా స్టూడియో బుఫ్తేయా కాలపు సినిమాల టైటిల్స్‌లో ‘కొలొవానా సొనొరా’ అని వేసి, పక్కన ‘ఇంజ్.’ అన్న పొట్టి మాటతో ఒక పేరు ఉంటుంది. కొత్తలో దాన్ని ఒక మెషిన్ ట్రాన్స్‌లేషన్‌లో పెడితే ‘సౌండ్‌ట్రాక్ బై’ అని ఇచ్చింది. అలాగే పంపేశాను. ఆ తర్వాతి కార్డులోనే ‘ముజికా’ అంటూ ఇంకో పేరు ఉంది. ఒక సినిమాకి ఇద్దరు సంగీత దర్శకులేమిటని అటునుంచి ఫోను! ఇంజ్. అంటే ఇంజినీరని అప్పటికైనా వెలగొద్దూ? డెక్స్‌ఆన్‌లైన్‌లో చూస్తే సంగతి తేలిపోయింది. ‘కొలొవానా సొనొరా’కు అర్థం మాటలు, చప్పుళ్లు, సంగీతం అన్నీ కలిసిన సినిమా శబ్దం. ఇప్పుడు అక్కడ ‘సౌండ్’ అని మాత్రమే రాస్తున్నాను.

నాకు అన్నిటికంటే పనికొచ్చేది అర్థం కింద ఉండే వ్యుత్పత్తి. మిక్సాజ్ (మిక్సింగ్), దుబ్లాజ్ (డబ్బింగ్), క్లాకెటా (క్లాప్ బోర్డు), జెనెరిక్... ఈ సినిమా మాటల్లో చాలావరకు ఫ్రెంచి నుంచి వచ్చినవే. ఫ్రెంచి మూలం తెలిస్తే ఇంగ్లీషు మాట వెతకడం సగం తేలిక. జెనెరిక్ అంటే టైటిల్స్. ఇంగ్లీషులో అదే మాటకు ఉన్న అర్థంతో దీనికి సంబంధమే లేదు. ఇక బ్రూయాజ్, బ్రూయిటాజ్ జంట ఉంది చూశారూ, వాటి రాతలో తేడా ఒక్క అక్షరం. మొదటిది రేడియో వినపడకుండా అడ్డం వేసే రొద. రెండోది అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు లాంటివి స్టూడియోలో పుట్టించడం, అంటే ఇంగ్లీషు వాళ్ల ఫోలీకి దగ్గరిది. హడావుడిలో ఒకదాని బదులు ఇంకోటి చదివితే సినిమాలో గూఢచారులు దిగుతారు.

ఇంకో సుఖం ఉంది. అక్షరాల మీద గుర్తులు పెట్టకుండా టైప్ చేసినా, విభక్తి చేరిన రూపం కొట్టినా అసలు పదం దొరుకుతుంది. రొమేనియన్ కీబోర్డు చేతికి అలవాటు కాని రోజుల్లో ఇది లేకపోతే ఏడ్చేదాన్ని.

అయితే ఇది రొమేనియన్‌కి రొమేనియన్‌లోనే అర్థం చెబుతుంది. ఇంగ్లీషు గుమ్మం దాకా తెచ్చి వదిలేస్తుంది, అక్కణ్ణుంచి మన తంటాలు మనవే. ‘ఇలుస్ట్రాత్సియె ముజికాలా’ అంటే ఉన్న సంగీతంలోంచి ఏరి సినిమాకి అమర్చడం. కొత్తగా స్వరం కట్టడం కాదు. దీనికి నేను ‘మ్యూజిక్ సెలెక్టెడ్ బై’ అని రాస్తున్నాను. పూర్తిగా నచ్చి కాదు, అంతకన్నా మంచిది తట్టక.

మిక్సాజ్ దగ్గర ఇబ్బంది పెట్టింది మాత్రం నా తెలుగే. అది చేసేవాణ్ణి ఇంగ్లీషులో రీరికార్డింగ్ మిక్సర్ అంటారు. మన దగ్గర రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతం కదా, ‘ఆర్ఆర్ అదిరింది’ అంటాం. ఆ మాట కొడుతుంటే మళ్లీ సంగీత దర్శకుణ్ణి రాస్తున్నానేమో అని చెయ్యి ఆగిపోయేది. నిజానికి ఆయన పని మాటలు, చప్పుళ్లు, సంగీతం ట్రాకుల్ని పాళ్లు సరిచూసి కలపడం. ఈ గందరగోళాన్ని ఏ రొమేనియన్ నిఘంటువు మాత్రం తీరుస్తుంది!

పోయిన నెల ఒక ఖర్చుల కాగితంలో ‘సొనొరిజారె’ వచ్చింది. సినిమాకి శబ్దం చేర్చడం, హాల్లో స్పీకర్లు బిగించడం అని సైటు రెండు అర్థాలూ చూపించింది. ఏది తీసుకోవాలో మళ్లీ ఆ కాగితమే చెప్పింది. కింది లైన్లో కుర్చీల అద్దె రాసి ఉంది.