టోక్యో ఫైర్ మ్యూజియం: మన ఊరి దోటీ కనిపించిన అయిదో అంతస్తు

మా తమ్ముడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. పది రోజుల కోసం వెళ్తే గుళ్లూ టవర్లూ అన్నీ తిప్పి చూపించాడు, కానీ శ్రీకాకుళం తిరిగొచ్చాక కనిపించిన వాళ్లందరికీ నేను చెబుతున్నది మాత్రం యొత్సుయాలో ఉన్న ఫైర్ మ్యూజియం గురించే. టికెట్ లేదు, పూర్తిగా ఉచితం. సబ్‌వేలో మరునొవుచి లైన్ ఎక్కి యొత్సుయా సాన్‌చోమే స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచే లోపలికి దారి ఉంది. ఫైర్ స్టేషన్ బిల్డింగ్‌లోనే మ్యూజియం పెట్టారు.

సెల్లార్‌లో పాత ఫైరింజన్లు వరసగా ఉంటాయి, బాగా తుడిచి పెట్టారు, ఇత్తడి భాగాలు తళతళలాడుతున్నాయి. పిల్లలకి మూడో అంతస్తు చాలు, గంటసేపు కదలరు. అయిదో అంతస్తులో బయట ఒక నిజం హెలికాప్టర్ కూడా ఉంది, ఎక్కి కూర్చోవచ్చు. అయితే నేను కాళ్లు నొప్పెట్టేదాకా నిలబడిపోయింది అదే అయిదో అంతస్తు లోపల. టోక్యోని ఎడో అని పిలిచే రోజుల్లో మంటలు ఎలా ఆర్పేవాళ్లో అంతా అక్కడుంది.

ఎడోలో అన్నీ చెక్క ఇళ్లు, కాగితం అంటించిన తలుపులు, ఇంటికీ ఇంటికీ సందు లేదు. 1657లో వచ్చిన మంటల్లో సగానికి పైగా పట్నం కాలిపోయింది, లక్షమంది దాకా పోయారంటారు. తర్వాత 1720లో పేటల వారీగా 47 దళాలు పెట్టారు. మనకి అ ఆ ఇ ఈ ఉన్నట్టు వాళ్లకి ఇ రొ హ అని ఒక వరస ఉంది, ఒక్కో దళానికి అందులోంచి ఒక్కో అక్షరం పేరు. 'హి' అంటే నిప్పు అని కూడా అర్థం వస్తుంది కాబట్టి ఆ అక్షరం ఎవరికీ పెట్టలేదట!

ఇంతకీ వాళ్లు మంట ఆర్పింది నీళ్లతో కాదు. చెక్క పెట్టెకి మీట బిగించి ఇద్దరు కొట్టే పంపు ఒకటి అక్కడ ఉంది, మన బోరింగు పాటి ధార కూడా రాదేమో, దాంతో మంట ఆరదు, కప్పులూ మనుషులూ తడపడానికే పనికొచ్చేది. అసలు పని కొక్కేలది. పొడుగు కర్ర చివర ఇనప కొక్కెం, గద్ద ముక్కులా వంగి ఉంటుంది, దాని పేరు కూడా గద్ద ముక్కు అనే అర్థంతోనే ఉందని తమ్ముడు చదివి చెప్పాడు. గాలి ఎటు వీస్తుందో చూసి అటువైపు ఇంకా అంటుకోని ఇళ్లని ఆ కొక్కేలతో లాగి పడగొట్టేసేవాళ్లు. మంటకి ముందు తినడానికి ఏమీ లేకుండా చేయడం, అంతే.

అది చూడగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా వీధిలో తాటాకు ఇళ్లు అంటుకున్నాయి, మిట్టమధ్యాహ్నం, గాలి. ఊళ్లో ఫోన్ లేదు, సైకిల్ మీద ఒకతను పట్నానికి కబురు పట్టుకెళ్లాడు. ఆడవాళ్లు నూతి దగ్గర నుంచి బిందెలు అందిస్తుంటే మా తాతయ్య మాత్రం చివర కొక్కెం ఉన్న దోటీ పట్టుకుని అరుస్తున్నాడు, "కాలిపోయినదానికి నీళ్లెందుకురా, పక్కది లాగియ్యండి!" అని. తడి గోనె సంచులు కప్పుకుని నలుగురు కప్పెక్కి తాటాకు లాగి పడేశారు. వాళ్లంతా కప్పులు నేసేవాళ్లే. ఎడోలో కూడా ఆ దళాల్లో ఎక్కువమంది ఇళ్లు కట్టే పనివాళ్లే, ఏ కర్ర లాగితే ఏది కూలుతుందో తెలిసినవాళ్లు. బాగున్న ఇల్లు ఎందుకు పీకేశారని ఆ ఇంటావిడ ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది. తాతయ్య చేసింది సరైన పనే అని ముప్పై ఏళ్ల తర్వాత ఆ అద్దాల పెట్టె ముందు నిలబడితే అర్థమైంది.

ఇంకోటి ఆ దళాల వాళ్లు వేసుకునే కోటు. దళసరి నూలు బట్ట పొరలు పొరలుగా వేసి, పక్కపక్కనే చిన్న చిన్న కుట్లు, అచ్చం మా అమ్మ పాత చీరలతో కుట్టే బొంతలా ఉంది. నీళ్లలో ముంచి తడిపి ఒంటి మీద వేసుకుని మంటల్లోకి వెళ్లేవాళ్లు. లోపలి వైపు రంగు రంగుల బొమ్మలుంటాయి, మంట ఆరాక తిరగేసి వేసుకుని వీధిలో నడిచేవాళ్లట. దళం గుర్తు ఉన్న పెద్ద కర్ర పట్టుకుని కప్పు మీద నిలబడే మనిషి ఒకడు ఉంటాడు, ఇక్కడిదాకా మంట రానివ్వం అని గుర్తన్నమాట. ఆ కర్ర బరువు, కింద సెగ తలుచుకుంటే గుండె దడదడలాడింది.

ఇలాంటిది మనకీ ఉండాలి, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చిన్న గది అయినా సరే. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన ఫైర్ స్టేషన్లు వారోత్సవాలు చేస్తాయి కదా, అది 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు పోయిన 66 మంది ఫైర్‌మెన్ గుర్తుగా. ఓడలో పత్తి, పేలుడు సామాను కలిపి ఉన్నాయి. మా పిల్లలకి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. కొక్కెం ఫొటో అమ్మకి చూపిస్తే, మీ తాతది చూరులోనే ఉండేది, స్లాబు వేసినప్పుడు ఎవరో పట్టుకుపోయారు అంది.

రేటింగ్ అయితే 5కి 5. బోర్డులు ఎక్కువ జపనీస్‌లో ఉంటాయి, ఫోన్‌లో అనువాదం యాప్ వేసుకుని వెళ్లండి, చదివి చెప్పే తమ్ముడుంటే ఇంకా మంచిది. సోమవారం సెలవు. ముందు అయిదో అంతస్తుకి లిఫ్ట్‌లో వెళ్లిపోయి అక్కడి నుంచి కిందికి దిగండి, పిల్లల్ని మూడో అంతస్తుకి ముందు తీసుకెళ్తే మాత్రం మీకు పైకి వెళ్లే టైమ్ మిగలదు.