పైథాన్ 3.12కి మారి రెండు సీజన్లు: మిర్చి కొట్టు లెక్కలతో నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో మా బావగారికి కమీషన్ కొట్టు ఉంది. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా తూకం, హమాలీ ఖర్చు, రైతుకిచ్చిన అడ్వాన్సు మీద వడ్డీ, చివర్లో రైతు చేతికిచ్చే పట్టీ (లెక్కల చీటీ), అన్నీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను రాసిన చిన్న ప్రోగ్రామే చూసుకుంటుంది. 2020 నుంచి అది పైథాన్ 3.8 వెర్షన్ మీదే నడిచింది. కొట్టులో ఉన్నది విండోస్ 7 కంప్యూటరు మరి, 3.9 నుంచి పైథాన్ దాని మీద ఎక్కదు. అది మాటిమాటికీ ఆగిపోతుంటే, 2024 మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చాక విండోస్ 11 ఉన్న కొత్తది కొని 3.12 వేశాం.

మొదటి తప్పు నాదే. పాత మిషన్‌లో ఉన్న లైబ్రరీల (ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టల) జాబితా తీసి, అవే వెర్షన్లు కొత్తదాంట్లో వేయబోయాను. అంకెల లెక్కలు చేసే నంపై లైబ్రరీలో పైథాన్ 3.12కి పనికొచ్చేది 1.26 వెర్షన్ నుంచే. అంతకు ముందువాటికి సిద్ధంగా కట్టిన ఫైలు లేక పిప్ (లైబ్రరీలు వేసిపెట్టే ప్రోగ్రామ్) సోర్సు కోడ్ దించుకుని తనే కట్టబోతుంది. దానికి కావలసిన డిస్ట్‌యుటిల్స్ అనే భాగాన్ని పైథాన్ 3.12లో తీసేశారు. స్క్రీన్ నిండా ఎర్రక్షరాలు! సెటప్‌టూల్స్ వేసి, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ వేసి ఒక పూట తగలేశాను. జాబితాలో నంబర్లు చెరిపేసి పేర్లు మాత్రం ఉంచితే పది నిమిషాల్లో అన్నీ ఎక్కాయి.

ఆ తర్వాత కోడ్‌లో వచ్చిన ఎర్రర్లు పెద్ద లెక్కలోవి కావు. నంపైలో ‘ఎన్‌పీ డాట్ ఫ్లోట్’ 1.24లోనే పోయింది, ఉత్త ‘ఫ్లోట్’ అని రాస్తే చాలు. పట్టికలతో పనిచేసే పాండాస్ లైబ్రరీ 2.0లో డేటాఫ్రేమ్‌కి (దాని పట్టికకి) వరుసలు చేర్చే అపెండ్ లేదు. వరుసలన్నీ ముందు లిస్టులో పోగేసి ఒక్కసారి కాన్‌క్యాట్‌తో కలిపాను. నెలాఖరు రిపోర్టు ఇప్పుడు చాలా త్వరగా వస్తోంది, కానీ ఆ ఘనత పైథాన్‌ది కాదు. లూప్‌లో అపెండ్ పెట్టిన నా పాత కోడ్ అంత నీచంగా ఉండేది. ఎక్స్‌ఎల్‌ఆర్‌డీ 2.0 నుంచి ఎక్సెల్ కొత్త రకం ఫైళ్లు చదవదు కాబట్టి ఓపెన్‌పైఎక్సెల్‌కి మారాను. ఎర్రర్ ఏ లైనులో ఉందో చెబుతుంది, వెళ్లి దిద్దుకుంటాం, అంతే.

తేదీల దగ్గర మాత్రం కళ్లు తెరుచుకున్నాయి. మన అలవాటు ప్రకారం రోజు ముందు, నెల తర్వాత రాస్తాం. పాత పాండాస్‌కి ఆ సంగతి మనం చెప్పకపోతే 13/03/2022ని మార్చి 13 అనే చదివేది (పదమూడో నెల లేదు కదా), 05/03/2022ని మాత్రం మే 3 చేసేది. ఒకే కాలమ్‌లో రెండు రకాలు! వార్నింగులు చిరాకని వాటి నోరు మూయించింది కూడా నేనే. పాండాస్ 2.0 నుంచి మొదటి తేదీని బట్టి ఒక ఫార్మాట్ అనుకుని, మిగతావి దానికి సరిపోకపోతే ఆగిపోతుంది. ఆగిందని ముందు తిట్టుకున్నాను. తీరా చూస్తే డిసెంబరు 1న ఇచ్చిన అడ్వాన్సుకి జనవరి 12 నుంచి వడ్డీ పడుతోంది. గుమాస్తా గారిని అడిగితే, ‘‘కంప్యూటరు వడ్డీ ఎప్పుడూ అంతే కదా బాబూ, నేను ఖాతా పుస్తకం చూసి దిద్దుతూనే ఉన్నాను’’ అన్నారు. నాలుగేళ్లుగా! ఫార్మాట్ విడిగా రాసిచ్చాక ఆయనకి ఆ పని తప్పింది. నా మట్టుకు ఈ మార్పు ఖర్చంతా ఇక్కడే తీరిపోయింది.

అసలు టెన్షన్ పెట్టింది పట్టీ. తెలుగు సరిగ్గా పడాలని పట్టీని పిల్లో లైబ్రరీతో బొమ్మగా గీసి థర్మల్ ప్రింటర్‌కి పంపుతాను. పిల్లో 10లో అక్షరాల కొలత చెప్పే టెక్స్ట్‌సైజ్ తీసేశారు, దాని బదులు టెక్స్ట్‌బీబాక్స్ పెట్టాను. ఎర్రర్ పోయింది, పట్టీ వచ్చింది. చూస్తే ‘వెంకటేశ్వర్లు’ కాస్తా ‘వెంకటేశ్‌వర్‌లు’ అయి కూర్చుంది. ఒత్తులన్నీ విరిగిపోయాయి. ఫాంటు మార్చాను, ప్రింటర్ డ్రైవర్ మార్చాను, రెండు రోజులు పోయాయి. పిల్లోలో తెలుగు ఒత్తులు కూర్చేది రాక్మ్ అనే భాగం. విండోస్‌లో అది పనిచేయాలంటే ఫ్రిబిడి అనే సహాయక ఫైలు (డీఎల్‌ఎల్) విడిగా ఉండాలి. లేకపోతే ఒక్క మాటైనా అనకుండా మామూలు పద్ధతిలో అక్షరాలు పక్కపక్కన పేర్చేస్తుంది. పాత మిషన్‌లో ఆ ఫైలు ఎప్పుడో నేనే పెట్టి మర్చిపోయాను.

ఐదుకి నాలుగు మార్కులిస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ పిల్లో మౌనానికే. ఇప్పుడు వెర్షన్ నంబర్లన్నీ ఒక ఫైల్లో బిగించి పెట్టాను. సీజన్‌లో దేన్నీ ముట్టుకోను, మార్పులేమున్నా సెలవుల్లోనే. ప్రోగ్రామ్ తెరవగానే రాక్మ్ ఉందో లేదో చూసుకుంటుంది, లేకపోతే ప్రింటే ఇవ్వదు. మొన్న సీజన్‌లో ఎవరో కొత్త యాంటీవైరస్ వేస్తే, అది ఆ డీఎల్‌ఎల్‌ని తీసి పక్కన పడేసింది. నేను కొట్టుకి చేరేదాకా గుమాస్తా గారు పట్టీలు చేత్తో రాసిచ్చారు. ఒత్తులు ఒక్కటీ తప్పలేదు.