షాంఘైలో గూజెంగ్ కొనేవాళ్లు జాగ్రత్త: యాప్ బయట డబ్బు పంపకండి

నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారకముందే రాస్తున్నా. షాపు పేరు రాయను. చవగ్గా ఇస్తాడని మనవాళ్లు ఒకరికొకరు లింకు పంపుకున్నారే, అతనే.

గూజెంగ్ అంటే పొడవాటి చెక్క పెట్టె మీద తీగలు మీటి వాయించే చైనా వాద్యం. పాప అద్దెది తెచ్చుకుని నేర్చుకుంటోంది, సొంతది కావాలని ఒకటే గొడవ. అతను చూపించింది 21 తీగలు, 163 సెంటీమీటర్లు, అందరూ వాయించే సైజే. యాంగ్‌జౌలో చేసిందట, పైపలక లాన్‌కావ్ పౌలోనియా చెక్కట, చుట్టూ రోజ్‌వుడ్ అట. ఆ రెండు ఊళ్లకీ ఈ వాద్యం విషయంలో నిజంగానే పేరుంది కాబట్టి నమ్మేశాను. షాపింగ్ యాప్‌లో 4,200 యువాన్లు, నేరుగా వీచాట్‌లో (ఇక్కడి చాటింగ్ యాప్, డబ్బు కూడా పంపొచ్చు) పంపితే 3,600 అన్నాడు. మా ఆయన వద్దన్నా వినకుండా పంపేశాను. తప్పు నాదే.

వచ్చిన మూడో రోజు లావోషి (పాపకి నేర్పే టీచర్) ఇంటికొచ్చారు. వేళ్లకి తీగలు మీటే గోళ్లు కట్టుకుని రెండు తీగలు మీటి ఆగిపోయారు. ఎడమచేత్తో తీగ నొక్కి, మన గమకంలా స్వరం ఊపబోతే తీగ కింద ఉండే బ్రిడ్జి పక్కకి ఒరిగింది. తీగల బిగువుకి పైపలక మధ్యలో కుంగిపోయింది. తర్వాత తడిగుడ్డతో చివరి అంచు రుద్దారు. రోజ్‌వుడ్ అన్నది పొరలా లేచి వచ్చింది. చెక్క గీతలు అచ్చువేసిన కాగితం అది!

వెంటనే మెసేజ్ పెట్టాను. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుని 7 రోజుల్లోపు కారణం చెప్పకుండానే తిప్పి పంపొచ్చని ఇక్కడ 2014 నుంచి చట్టమే ఉంది కదా అన్నాను. వాయిస్ మెసేజ్ వచ్చింది. నా చైనీస్ అంతంతమాత్రం, పాపే విని చెప్పింది: "ఆర్డర్ నంబర్ చూపించమంటున్నాడమ్మా. మనం విదేశీయులమట, ట్యూన్ చేయడం రాక మనమే పాడు చేశామట." ఆ చివరి మాట చెప్పేటప్పుడు దాని గొంతు వణికింది. ఫోన్ నా చేతిలో పెట్టి, గోళ్లు ఒక్కొక్కటే విప్పి డబ్బాలో వేసుకుంది. డబ్బు పోయినా పోనీ, తొమ్మిదేళ్ల పిల్ల నోటితో ఆ మాట చెప్పించాడు చూడండి, అది నేను మర్చిపోలేను. నేను టైప్ చేసి పంపేసరికి పక్కన ఎర్రటి ఆశ్చర్యార్థకం. బ్లాక్ చేసేశాడు.

12315లో, అంటే ఇక్కడి వినియోగదారుల ఫిర్యాదుల నంబర్‌లో, ఫిర్యాదు చేశాను. అక్కడా ఆర్డర్ నంబరే అడిగారు. నా దగ్గర డబ్బు పంపిన స్క్రీన్‌షాట్, ఆ వాయిస్ మెసేజ్ మాత్రమే ఉన్నాయి.

కొనేవాళ్లు ఎంత తగ్గిస్తానన్నా యాప్ బయట పైసా పంపకండి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. పక్క చెక్క మీది గీతలు అడ్డంగా కోసిన చివర కూడా కలుస్తున్నాయో లేదో చూడండి, కలవకపోతే అతికించిన కాగితమేమోనని అనుమానించండి. వీలైతే లావోషిని వెంటబెట్టుకుని షాపుకే వెళ్లండి. అతని దగ్గర ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లుంటే నాకు చెప్పండి, స్క్రీన్‌షాట్లు పంపిస్తాను, ఫిర్యాదు కలిసి చేద్దాం.