లాప్‌టాప్ ఫ్యాను హోరు: శ్రీకాకుళం ఎండల్లో నాలుగేళ్ల వాడకం తర్వాత

యంత్రం 2021 నాటిది. 14 అంగుళాల తెర, ఇంటెల్ 11వ తరం ఐ5-1135జీ7 ప్రాసెసర్, ఒకే ఫ్యాను, ఒకే రాగి గొట్టం. కంపెనీ పేరు అనవసరం, ఈ సైజులో సన్నగా చేసినవాటన్నిటి తంతూ ఇంచుమించు ఇదే. హోరు తగ్గించడానికి బజారులో దొరికేవన్నీ దీని మీద వాడి చూశాను: కూలింగ్ ప్యాడు (లాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక), థర్మల్ పేస్టు (చిప్పుకీ రాగికీ మధ్య పూసేది), ఫేజ్ చేంజ్ ప్యాడు (పేస్టు బదులు వేసే, వేడికి మెత్తబడే పొర), ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్, విండోస్ సెట్టింగులు, చివరికి కొత్త ఫ్యాను. పైసా ఖర్చు లేనిదే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న కూలింగ్ ప్యాడు ఇప్పుడు అటక మీద ఉంది.

ముందు చెవి పెట్టి వినాలి. చప్పుళ్లన్నీ ఒకటి కావు. ఊదుతున్నట్టు హోరు వస్తుంటే ఫ్యాను ఆరోగ్యంగానే ఉంది, దానికి పని ఎక్కువైంది అంతే. గరగరమంటే బేరింగు అరిగింది. యంత్రం నడుస్తుండగా కొంచెం పక్కకు వంచితే ఆ గరగర మారుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా (లోపల పాతకాలపు హార్డ్ డిస్క్ ఉంటే ఇలా వంచొద్దు). టిక్‌టిక్‌మని తాళం వేసినట్టుంటే ఏదో వైరు రెక్కకు తగులుతోంది. సన్నగా కీచుమంటూ, పేజీ పైకీ కిందకీ జరుపుతుంటే స్వరం మారుతుంటే అది ఫ్యానే కాదు, బోర్డు మీది కాయిల్ చేసే చప్పుడు. దానికోసం ఫ్యాను మార్పించుకుంటే డబ్బు దండగ.

ఇంకో పరీక్ష మన జిల్లాలో ఉచితంగా దొరుకుతుంది, అదే కరెంటు కోత. కరెంటు పోయి ఛార్జర్ ఆగిన ఒకటి రెండు నిమిషాల్లో ఫ్యాను నెమ్మదిస్తే జబ్బు ఫ్యానుది కాదు. ప్లగ్గులో ఉన్నప్పుడు విండోస్ ప్రాసెసర్‌ని పట్టపగ్గాల్లేకుండా వదిలేస్తోందన్నమాట. బ్యాటరీ మీద దానికి కళ్లెం పడుతుంది.

ఆ కళ్లెం మనమే వేయొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ఛేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, దాని కింద ఛేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్. తెరుచుకున్న చిన్న కిటికీలో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, దాని కింద మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్. ప్లగ్‌డ్ ఇన్ అన్న వరుసలో 100 ఉంటుంది, దాన్ని 99 చేయాలి. చూడ్డానికి ఒక్క శాతమే. జరిగేది మాత్రం టర్బో (మామూలు వేగం మించి కాసేపు పరుగెత్తడం) పూర్తిగా ఆగిపోవడం. ఈ ప్రాసెసర్ టర్బోలో 4.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది, 99 పెడితే 2.4 దగ్గర నిలబడుతుంది. అంత పైకి ఎగరాలంటే వోల్టేజి కూడా పెంచుకోవాలి. చిప్పు (అంటే ప్రాసెసర్) తాగే విద్యుత్తు వేగంతో పాటు పెరుగుతుంది, పైగా వోల్టేజి వర్గంతో పాటు (వోల్టేజి రెట్టింపైతే నాలుగింతలు) కూడా పెరుగుతుంది. అందుకే ఆ చివరి గిగాహెర్ట్జ్ అంత ఖరీదు. బ్రౌజర్, ఎక్సెల్, తెలుగు టైపింగ్, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం లాంటి పనుల్లో తేడా తెలియదు. వీడియో ఎడిటింగ్, పెద్ద జిప్ ఫైలు విప్పడం లాంటివాటిలో తెలుస్తుంది. కాబట్టి రెండు పవర్ ప్లాన్లు చేసుకుని ఒకదాంట్లో 99, రెండోదాంట్లో 100 ఉంచుకోవడం మేలు. కొన్ని లాప్‌టాపుల్లో ఈ వరుస అసలు కనిపించదు. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ని బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీకి మారిస్తే కొంత ఫలితం ఉంటుంది.

వోల్టేజి తగ్గించుకుంటే సరిపోతుంది కదా, థ్రాటిల్‌స్టాప్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి అని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక కంపెనీలు బయాస్ (యంత్రాన్ని మేల్కొలిపే బోర్డు మీది ప్రోగ్రాం) అప్‌డేట్లతో ఆ తలుపు మూసేశాయి. ఈ 11వ తరం యంత్రంలోనూ మూసే ఉంది, ఆ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు ఎంత జరిపినా ఏమీ మారదు.

యూట్యూబ్ పెట్టగానే ఫ్యాను లేస్తుంటే వీడియో మీద కుడి క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ చూడండి. కోడెక్స్ (వీడియోని కుదించిన పద్ధతి) అన్న చోట ఏవీ01, అంటే ఏవీ1, అని ఉండి, మీది 11వ తరం కన్నా పాత ఇంటెల్ అయితే ఆ వీడియో విప్పే భారమంతా ప్రాసెసర్ మీదే పడుతోంది. ఆ తరాలకు ఏవీ1 విప్పే హార్డ్‌వేర్ లేదు. హెచ్264ఐఫై లాంటి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేస్తే పాత కోడెక్‌లో వస్తుంది. 1080పీ మించి దొరకదు, 14 అంగుళాల తెరకు అంతకన్నా అక్కర్లేదు.

ఇక ఎండ సంగతి. డిసెంబర్‌లో నోరెత్తని లాప్‌టాప్ మే నెలలో ఎందుకు అరుస్తుంది? హీట్‌సింక్ (చిప్పు వేడిని లాగి గాలికి వదిలే రాగి గొట్టం, రేకులు) చేయగలిగింది గది గాలికీ చిప్పుకీ మధ్య తేడాను నిలపడమే. ఒక పనికి, ఒక ఫ్యాను వేగం దగ్గర ఆ తేడా 45 డిగ్రీలు అనుకుందాం. గది 24 ఉన్నప్పుడు చిప్పు 69 దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం గది 36 అయితే అదే పనికి 81. ఫ్యానుకి గది సంగతి తెలియదు, చిప్పు డిగ్రీలే తెలుసు. 70 దాటగానే పరుగెత్తమని ఎక్కడో రాసి ఉంటుంది, పరుగెత్తుతుంది. వేసవిలో వచ్చే హోరంతా దుమ్ము వల్లే అనుకుని నెలకోసారి విప్పేవాళ్లున్నారు, పాపం స్క్రూలు అరిగిపోతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 99 సెట్టింగు, వెనకవైపు రెండు సెంటీమీటర్లు ఎత్తు, ఈ రెండూ చాలు. ఎత్తడానికి చెక్క ముక్కయినా పర్వాలేదు, కింద గాలి పీల్చే జాలీకి అడ్డం రాకుంటే చాలు. ఈ యంత్రంలో ఎత్తు ఒక్కటే 4 డిగ్రీలు తగ్గించింది. కూలింగ్ ప్యాడు 5 తగ్గించింది, కానీ దాని సొంత చప్పుడు తగ్గిన హోరుకి సరిపోయింది. ప్యాడు ఫ్యాన్లు నడుమ ఉంటాయి, లాప్‌టాప్ జాలీ ఒక మూల ఉంటుంది, ఊదేది లాప్‌టాప్ అడుగు రేకుకు తగులుతుంది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడేవాళ్లకు ఏ ప్యాడూ పనిచేయదు.

వేగానికీ చప్పుడుకీ లెక్క తెలిస్తే ఎంత తగ్గిస్తే చాలో అర్థమవుతుంది. ఒకే ఫ్యాను నిమిషానికి 5,000 నుంచి 4,000 తిరుగుళ్లకు దిగితే చప్పుడు దాదాపు 5 డెసిబెళ్లు తగ్గుతుంది, సగానికి దిగితే 15. అంటే పూర్తిగా ఆపక్కర్లేదు. చెవికి విసుగు తెప్పించేది చప్పుడు ఎంత అన్నదానికన్నా అది లేవడం, పడడం. ఫ్యాన్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్లలో నోట్‌బుక్ ఫ్యాన్‌కంట్రోల్ ఏడాది వాడాను. మీ మోడల్‌కి కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) సిద్ధంగా ఉంటేనే దాని జోలికి వెళ్లండి. ఆ సాఫ్ట్‌వేర్ ఫ్యానుని నడిపే బోర్డు మీది చిన్న చిప్పు ఎంబెడెడ్ కంట్రోలర్‌లోకి నేరుగా రాస్తుంది, తప్పు చోట రాస్తే ఫ్యాను ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. సెట్టింగులో అసలు కిటుకు ఎక్కే డిగ్రీకీ దిగే డిగ్రీకీ మధ్య ఖాళీ. 60 దగ్గర ఎక్కితే 50 దగ్గరే దిగాలి. ఆ ఖాళీ రెండు మూడు డిగ్రీలే ఉంటే ఫ్యాను అరనిమిషానికోసారి ఊపిరి తీస్తుంది, వదులుతుంది. కంపెనీ యాప్‌లో క్వైట్ మోడ్ ఉంటే ముందు అదే వాడండి.

ఇప్పుడు విప్పడం. దుమ్ము ఫ్యాను రెక్కల మీద కనబడుతుంది గానీ అసలు అడ్డం అక్కడ లేదు. ఫ్యాను నోటికీ రాగి రేకులకీ మధ్య ఫెల్టు గుడ్డలాంటి పొర కడుతుంది. బయటి నుంచి ఊదితే ఆ పొర లోపలికి జారి రెక్కల మీద పడుతుంది, పోదు. ఏ ఊళ్లో వాడితే ఆ ఊరి దుమ్ము. పొందూరు వైపు వడుకు, నేత ఉన్న ఇళ్లలో మెత్తటి పత్తి నూగు, వేలితో లాగితే ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. విజయనగరం జిల్లాలో జూట్ మిల్లుల దగ్గర నార పీచు పొడుగ్గా వచ్చి ఇరుసుకు చుట్టుకుంటుంది, పట్టకారుతో తీయాలి. పలాసలో జీడిగింజలు కాల్చే బట్టీల పొగ సోకిన యంత్రంలో దుమ్ము జిడ్డుగా అతుక్కుంటుంది, ఎంత ఊదినా రాదు, ఆల్కహాల్ తడిపిన బ్రష్షు కావాలి. వంటింటి పక్క గదిలో వాడేవాటికీ ఇదే గతి. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరం ఊళ్లలో ఉప్పు గాలికి స్క్రూలే తుప్పు పడతాయి. తల అరగకుండా సరిగ్గా సరిపోయే పీహెచ్0 (చిన్న ప్లస్ తల) స్క్రూడ్రైవర్ వాడాలి, గట్టిగా కిందికి నొక్కి తిప్పాలి.

షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టాలి, మామూలు షట్‌డౌన్‌లో విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఛార్జర్ తీసి అడుగు రేకు విప్పాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం, తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి ఉంచడం. బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే శుభ్రం చేసే పని అక్కడే ఆపండి, ముందు బ్యాటరీ మార్చాలి. ఫ్యాను వైరును వైరు పట్టుకుని లాగొద్దు, కనెక్టర్‌ను వెదురు టూత్‌పిక్‌తో అటూ ఇటూ కదిపి తీయాలి. ఫ్యాను డబ్బాకీ రేకులకీ మధ్య సన్నటి నల్ల టేపు అంటించి ఉంటుంది. దాన్ని చింపకుండా మెల్లగా లేపి, పని అయ్యాక మళ్లీ అదే చోట అంటించాలి. దాన్ని చెత్త అనుకుని పారేసేవాళ్లే ఎక్కువ. అది లేకపోతే గాలి రేకుల్లోకి పోకుండా సందులోంచి జారిపోతుంది, శుభ్రం చేసిన తర్వాత ముందుకన్నా ఎక్కువ హోరు వస్తుంది. "సర్వీసు చేయించాక పాడైంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఈ టేపే ఉంటుంది.

రేకులను పాత టూత్‌బ్రష్షుతో అవి నిలబడ్డ దిశలోనే తోమాలి, అడ్డంగా తోమితే వంగిపోతాయి. ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టి ఆపాలి. గాలికి అది విచ్చలవిడిగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, మోటారు వెనక్కి కరెంటు పుట్టిస్తుంది. సెల్ రిపేరు షాపుల్లో ఉండే రబ్బరు బ్లోయర్ చాలు. పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు, దాని గాలిలో నీళ్లూ నూనే ఉంటాయి.

పేస్టు మార్చాలా అన్నది హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే డిగ్రీలు చూపే సాఫ్ట్‌వేర్‌లో చూసి తేల్చుకోవాలి. దుమ్ము తీశాక కూడా పని మొదలైన రెండు సెకన్లలోనే డిగ్రీలు 90 దాటి, పని ఆగగానే అంతే వేగంగా పడిపోతుంటే చిప్పు వేడి రాగికి చేరడం లేదు, పేస్టు ఎండింది. మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంటే పేస్టు బాగానే ఉంది, గాలి చాలడం లేదు. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అచ్చు ఉంటుంది. బిగించేటప్పుడు ఆ వరుస, విప్పేటప్పుడు దానికి ఎదురు. ఒక్కోటి ఒకేసారి పూర్తిగా బిగించకుండా తలా సగం తిప్పుతూ పోవాలి. పాత పేస్టు తుడవడానికి సెల్ షాపుల్లో ఐపీఏ అని అడిగితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు. మందుల షాపు సర్జికల్ స్పిరిట్ వద్దు, నీళ్లు ఉంటాయి, కొన్నింటిలో ఆముదం కూడా కలుపుతారు. లాప్‌టాప్ చిప్పుకి పైన మూత ఉండదు కాబట్టి మధ్యలో బొట్టు పెట్టి వదిలేయకుండా మూలలు కూడా మూసేలా పలచగా పరవాలి. చుట్టూ మెమరీ చిప్పుల మీదున్న మెత్తటి ప్యాడ్లు చినిగితే అదే మందం తేవాలి. 1 మిల్లీమీటరు ఉన్నచోట 1.5 పెడితే హీట్‌సింక్ పైకి లేచి చిప్పుకే ఆనదు.

ఆర్కటిక్ ఎంఎక్స్-4 పేస్టు వేసిన కొత్తలో బాగుంది, ఎనిమిది నెలలకు డిగ్రీలు మళ్లీ ఎక్కడం మొదలైంది. అది పేస్టు నాణ్యత లోపం కాదు. చిప్పు రోజూ వేడెక్కి చల్లారుతుంటే పలచటి పేస్టు అంచులకు నెట్టుకుపోతుంది. దాని బదులు వేసిన హనీవెల్ పీటీఎం7950 ఫేజ్ చేంజ్ ప్యాడు రెండేళ్లు దాటినా కదల్లేదు. గది వేడిలో రేకులా గట్టిగా ఉండి 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులు నింపుతుంది. దీన్ని కోయడం, పొర ఒలవడం కొంచెం చిరాకు. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పొర శుభ్రంగా వస్తుంది. మన ఊళ్లలో షాపుల్లో దొరకదు, ఆన్‌లైన్‌లో నకిలీలు ఎక్కువ, అమ్మేవాడి రేటింగు చూసి కొనాలి.

శుభ్రం చేయడానికి ముహూర్తం ఉంది. సంక్రాంతికి బూజులు దులిపి సున్నాలు వేసేటప్పుడు లాప్‌టాప్‌ని సంచిలో పెట్టి జిప్పు వేసేయాలి. పండగ వెళ్లాక, ఎండలు ముదరకముందు ఒకసారి విప్పితే ఏడాదికి సరి.

గరగరకు మాత్రం మందు లేదు. కొబ్బరినూనె వేస్తే కొన్నాళ్లకు బంక కడుతుంది, చలికాలం 24 డిగ్రీల లోపు గడ్డ కూడా కడుతుంది. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క కొన్ని వారాలు ఆపుతుంది, కొత్త ఫ్యాను పార్సిల్ వచ్చేదాకా అది చాలు. ఫ్యాను కొనేటప్పుడు లాప్‌టాప్ మోడల్ పేరు కన్నా పాత ఫ్యాను స్టిక్కర్ మీది పార్ట్ నంబరు ముఖ్యం. అదే మోడల్‌లో విడి గ్రాఫిక్స్ చిప్పు ఉన్నదానికీ లేనిదానికీ ఫ్యాన్లు వేరుగా ఉంటాయి. 5 వోల్టులు, యాంపియర్లు, నాలుగు వైర్ల రంగుల వరుస, స్క్రూ చెవులు ఉన్న చోటు, ఇవన్నీ ఫొటోతో పోల్చాలి. బిగించాక అడుగు రేకు మూయకముందే బ్యాటరీ కనెక్టర్ తగిలించి ఆన్ చేసి, గాలి బయటికి పోయే చోట టిష్యూ కాగితం పట్టాలి. బయటికి ఎగిరితే సరే. లోపలికి అతుక్కుంటున్నా, కదలకపోయినా వెంటనే ఆపి కనెక్టర్ చూడండి.