నికాన్ జెడ్9తో మూడేళ్లు: వేగమంతా సెన్సర్‌లోనే

మూడేళ్లకు పైగా బ్యాడ్మింటన్, కబడ్డీ పోటీలను నికాన్ జెడ్9 కెమెరాతో తీస్తున్నాను. సెకనుకు ఎన్ని ఫ్రేములని అందరూ అడుగుతారు. సెన్సర్ పట్టిన డేటాను దాదాపు యథాతథంగా దాచే రా ఫైళ్లయితే 20, పూర్తి పరిమాణపు జేపెగ్‌లయితే 30. అయితే నా పనిని మార్చింది ఈ అంకెలు కావు. సెన్సర్ తన మీద పడిన బొమ్మను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఎంత త్వరగా చదివి ముగిస్తుందన్నదే అసలు సంగతి.

అంతకుముందు నా దగ్గరున్న మిర్రర్‌లెస్ కెమెరాకు, దాని పేరు ఎందుకు లెండి, షట్టర్ తెర కదలకుండా సెన్సరే బొమ్మను పట్టే సైలెంట్ మోడ్‌లో ఈ పనికి సెకనులో దాదాపు పదిహేనో వంతు పట్టేది. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లే షటిల్ ఆ వ్యవధిలో అయిదున్నర మీటర్లు దాటిపోతుంది. స్మాష్ కొడుతున్న రాకెట్ కాడ కొడవలిలా వంగిపోయి, క్షణక్షణం వెలిగి ఆరే ఎల్‌ఈడీ దీపాల కింద కోర్టు నిండా చారలు పడి, ఒక ఫైనల్ మొత్తం మీద పత్రికకు పంపదగ్గవి నాలుగు ఫ్రేములే మిగిలాయి. జెడ్9లో అదే పని సుమారు 1/270 సెకనులో ముగుస్తుంది. షటిల్ ముప్ఫై సెంటీమీటర్లు కదిలేసరికి చదవడం అయిపోతుంది. 2021లో వచ్చిన ఈ కెమెరాకు సెన్సర్ ముందు తెరుచుకుని మూసుకునే మెకానికల్ షట్టరే లేకపోవడానికి కారణమిదే.

కాంతిని పట్టే పిక్సెళ్ల పొర వెనుకే వేగంగా పనిచేసే సర్క్యూట్ల పొరను అతికించిన స్టాక్డ్ సెన్సర్ వల్లే ఇది సాధ్యమైంది. ఫుల్‌ఫ్రేమ్‌లో, అంటే పాత 35 ఎంఎం ఫిల్మ్ అంత సెన్సరున్న కెమెరాల్లో, ఈ పద్ధతిని 2017లో సోనీ ఏ9 తెచ్చింది. రికార్డింగుకు ఒక దారిలో, వ్యూఫైండర్‌కు మరో దారిలో డేటా వెళ్తుంది కనుక, కూతకు వెళ్లిన రైడర్ బోనస్ లైన్ మీద కాలు పెట్టి చటుక్కున వెనుదిరిగినప్పుడు కూడా నా కంటికి చీకటి క్షణమంటూ ఉండదు. ఫోకస్ లెక్క సెకనుకు 120 సార్లు జరుగుతుంది.

చదవడం వరుసల వారీగా సాగినంత కాలం ఎల్‌ఈడీ చారలు పూర్తిగా పోవు. ప్రకటన బోర్డుల ముందు షట్టర్ వేగాన్ని కొద్దికొద్దిగా సర్దుకోక తప్పదు. పిక్సెళ్లన్నిటినీ ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్‌తో సోనీ ఏ9 త్రీ 2023లో ఆ చిక్కును తీర్చింది కానీ, దాని ఐఎస్‌ఓ (కాంతికి స్పందించే స్థాయి) 250తో మొదలవుతుంది. మసక హాళ్లలో 6400 దగ్గర పనిచేసే నేను నాయిస్ (బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు) లెక్క చూసుకుని జెడ్9తోనే ఆగాను. ఇక సాయంత్రానికి ఆరేడు వేల ఫ్రేములు పోగవుతాయి, వాటిని ఏరి పంపేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఆ పనికి మాత్రం ఏ సెన్సరూ సాయం రాదు.